హలాల్‌తో పాటు తయ్యిబ్ కూడా

1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం, మతవిధిని అనుసరించి చేసే జిబహ్ నేరం కాదు. ఆ హక్కును మనం వదులుకోనక్కరలేదు. గోరక్షణ పేరిట దాడులు చేసేవారి నుండి జీవకారుణ్యం నేర్చుకోవలసిన అగత్యమూ మనకు లేదు. అయితే దివ్య ఖుర్ఆన్ హలాల్‌తో పాటు తయ్యిబ్ అనే షరతునూ పేర్కొన్నది. కత్తికి పదును పెట్టి, పశువు బాధను తగ్గించమని దైవప్రవక్త (స) ఆదేశించారు. మరి కాళ్లు కట్టి, మోటారు సైకిలుకు తలక్రిందులుగా వ్రేలాడదీసి తెచ్చిన కోళ్లపై బిస్మిల్లాహ్ పలికినంతనే సరిపోతుందా? బక్రీదుకు ముందు నీళ్లైనా లేక లారీల్లో క్రిక్కిరిసి వచ్చే గొర్రెల సంగతేమిటి? బ్రాయిలర్ తప్ప మరేదీ కొనలేని కుటుంబాలను మేము తప్పుపట్టడం లేదు. వలీమా విందులకు క్వింటాళ్ల కొద్దీ మాంసం వండించేవారినే అడుగుతున్నాము: పరిమాణం సగానికి తగ్గించి, ఆరుబయట మేసి పెరిగిన జీవాలను కొనరాదా?