మక్క మిషన్‌ను "జల్ది నడుపు" అనుడు బంద్ చేద్దాం

పోస్టు జర పొడుగైంది, ఓపిక పట్టి చదవుండ్రి.

మా శంకర్‌పల్లి, చేవెళ్ల దిక్కు మక్క ఇరుసుడుకు మనుషులు దొరుకుతలేరు. 1998ల మాదాపూర్‌ల సైబర్ టవర్స్ లేచింది, ఆ తర్వాత గచ్చిబౌలి, ఇప్పుడు కోకాపేట. పొద్దుగాల ఆటో ఎక్కినోళ్లకు సాయంత్రానికి చేతిల పైసలు పడుతున్నయి. వాళ్లను ఎందుకు అనాలె? మనకు మిషనే దిక్కు.

కిరాయి గంట లెక్క కాబట్టి గెట్టు మీద నిలబడి "జల్ది, జల్ది" అని మనమే అరుస్తం. నా లెక్కల మనకు నష్టం అక్కడనే మొదలైతది.

మక్క మిషన్ ముందట మూతికి, ఒక్కో సాలుకు రెండు ఇనుప ప్లేట్లు ఉంటయి. కింద రోలర్లు కట్టెను కిందికి గుంజుతయి, కంకి ప్లేట్ల మీద తట్టుకొని తెగుతది. ఆ ప్లేట్ల నడుమ సందే అసలు కథ. సందు ఎక్కువుంటే కంకి మొదలు రోలర్లకు తగిలి గింజలు అక్కడికక్కడే రాల్తయి. తక్కువుంటే కట్టె ఇరిగి చెత్తంతా మిషన్ లోపలికి పోతది. ముందట ఇంచుంపావు, ఎనుక దానికంటే నూలు అంత ఎక్కువ పెట్టి మొదలుపెట్టి, మన కంకి లావును బట్టి సర్దాలె. పొద్దుగాల మంచుకు మెత్తగున్న కట్టె మధ్యాహ్నానికి పెళుసైతది, అప్పుడు మళ్లీ చూడాలె.

ఇగ స్పీడు. గొలుసులు తిరిగే వేగం, బండి నడిచే వేగం కలవాలె. బండి ఉరికితే కట్టె ముందటికి వంగి కంకులు కింద పడ్తయి. ఇంకోటి, మనం 60 సెంటీమీటర్ల సాళ్లు పెడ్తం. వచ్చిన మిషన్ మూతి 75కు ఉంటే ఏ డ్రైవరైనా ఏం చేస్తడు? ఈ ముచ్చట విత్తనం పెట్టేటప్పుడే అడగాలె.

నష్టం తెలుసుకొనుడు అలక. నాలుగు గజాలు కోసినంక మిషన్ ఆపి, ఎనుకకు తీయించుండ్రి. మూతి కింద ఉన్న జాగల, అంటే మిషన్ ఎనుక భాగం ఇంకా దాటని తావుల, చదరపు అడుగుకు గింజలు లెక్కపెట్టుండ్రి. రెండు గింజలుంటే ఎకరాకు సుమారు 25 కిలోలు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,400, అంటే 600 రూపాయలు చేన్లనే. నాలుగు గింజలుంటే 1,200. విడి గింజలుంటే ప్లేట్లు చూడాలె, నిండు కంకులు పడితే స్పీడు, సాళ్లు చూడాలె. అక్కడ శుభ్రంగుండి మిషన్ దాటినంక గింజ కనబడితే తప్పు లోపల డ్రమ్ము, జల్లెడల దగ్గర ఉన్నట్టు. వరికి తిప్పినట్టే డ్రమ్ము తిప్పితే గింజ పగుల్తది, పగిలిన గింజకు బూజు తొందరగ పడ్తది.

పంజాబ్, హర్యానా నుంచి వచ్చే డ్రైవర్లకు ఇది తెల్వక కాదు. మనం అడగం, వాళ్లు దిగరు. ప్లేట్లు సర్దుడుకు పట్టే టైం కిరాయిల కలపమని ముందే చెప్తే ఎవరూ మొకం మాడ్చరు.

రాయదుర్గం టీ-హబ్‌ల వ్యవసాయానికి యాప్‌లు, డ్రోన్లు తయారు చేసేటోళ్లున్నరు, మంచిదే. కానీ నలభై కిలోమీటర్ల అవతల చేన్ల రాలిన గింజను లెక్కపెట్టుడు నేర్పించే శిక్షణ మండలానికి ఒక్కటి పెడితే నాకు అదే ఎక్కువ. ఈ కోతల మీ చేన్ల అడుగుకు ఎన్ని గింజలు వచ్చినయో, మిషన్ మూతి ఎన్ని సెంటీమీటర్లదో కింద రాయుండ్రి.