పిడికెడు బియ్యం, పెద్ద చెక్కు

డిసెంబరు నెలాఖరు వచ్చిందంటే మన ఇళ్ళలో చెక్కుబుక్కులు బయటికొస్తాయి. ఊళ్ళో బడికి కొంత, గుడికి కొంత, చదువుకున్న కాలేజీకి కొంత. ముందు అకౌంటెంటును అడుగుతాం, తర్వాత ఇంట్లో అడుగుతాం, అప్పుడు సంతకం పెడతాం. తప్పేమీ లేదు. పన్ను మినహాయింపు లేకపోతే మనం చేసే ధర్మాల్లో సగం ఆగిపోయేవేమోనని నా అనుమానం, అంతే.

అయితే అమెరికా డబ్బు తెలుగునాటికి వెళ్ళడం మనతో మొదలవలేదు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరారు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చి, తర్వాత అక్కడ స్త్రీలకోసం ఆస్పత్రి కట్టారు. ఆ ఆస్పత్రి వెనుక ఉన్నది ఇక్కడి చర్చిల్లో స్త్రీలు కూడబెట్టిన చిల్లర డబ్బులు. అప్పుడు మనవాళ్ళు పుచ్చుకునే వైపు ఉన్నారు, ఇప్పుడు మనం ఇచ్చే వైపు ఉన్నాం. అందుకే క్రైస్తవులు ఈ డబ్బు సంగతిలో పడ్డ చిక్కులేమిటో మనకూ తెలియాలి. మతం మాట వేరే.

ఒంగోలు క్లౌ దొరగారి కథ మన ఇంజనీర్లు చదవదగ్గది. జాన్ క్లౌ మిషనరీ కాకముందు మిన్నెసోటాలో భూముల సర్వే చేసిన మనిషి. 1876-78 నాటి పెద్ద కరువులో ఆయన ప్రభుత్వం దగ్గర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. గంజి పోసి ఊరుకోకుండా పని పెట్టి కూలి ఇచ్చారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం వస్తే ఇవ్వలేదు. కూడుకోసం వచ్చారో, దేవుడికోసం వచ్చారో తేలదని ఆపేశారు. సహాయం పని ముగిశాకే, 1878 జూలైలో, మొదలు పెట్టారు. ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారట! కరువు కడుపులు ఆ సంఖ్య వెనక లేవని ఎవరూ పూర్తిగా చెప్పలేరు. కానీ ఇచ్చే చెయ్యి తన ఇవ్వడాన్ని తానే అనుమానించడం నాకు గొప్పగా తోచింది. మనం స్కూలుకు గది కట్టించి, రిబ్బను కత్తిరించేటప్పుడు పిల్లల్ని రెండు గంటలు ఎండలో నిలబెడతాం చూడండి, అప్పుడు నాకు క్లౌగారు గుర్తుకొస్తారు.

రెండోవారు బిషప్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. తెలుగు నేర్చుకుని మన దోర్నకల్‌లో స్థిరపడ్డారు. 1912లో ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. అంతకు రెండేళ్ళ ముందు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ సభలో ఆయన అన్న మాట సారాంశం ఇది: మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహం కూడా కావాలి. ఇచ్చేవాడి ఎదురుగా నిలబడి ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

అలాగని ఆయన తనవాళ్ళను చెయ్యి చాచి కూర్చోనివ్వలేదు. దోర్నకల్ సంఘస్థులు ఎక్కువమంది మాల, మాదిగ కూలి కుటుంబాలవారు. బీదవాడూ ఇవ్వాలి, ఇవ్వడం అతని హక్కు అన్నది అజరయ్యగారి పట్టు. క్రైస్తవ దానం మీద ఒక పుస్తకమే రాశారు. తెలుగు చర్చిల్లో పిడికెడు బియ్యం పద్ధతి మీలో చాలామంది చూసే ఉంటారు. ఇల్లాలు వంటకు బియ్యం తీయగానే అందులోంచి ఒక పిడికెడు వేరే కుండలో వేస్తుంది. వారం చివర ఆ బియ్యం చర్చికి వెళుతుంది. మా ఇంజనీరు మిత్రుడొకడు లెక్క కట్టాడు: రోజుకు కిలో బియ్యం వండే ఇంట్లో రెండు పూటలా రెండు పిడికిళ్ళంటే సుమారు వంద గ్రాములు, అంటే బైబిలు చెప్పే పదోవంతు! ఆ లెక్క ఏ అకౌంటెంటూ చెయ్యలేదు.

నన్ను పట్టుకున్నది పదోవంతు కాదు, తీసే వేళ. ఆ పిడికెడు వండకముందు తీస్తారు. అందరూ తిన్నాక మిగిలితే వేసేది కాదు. రేపటి బియ్యం ఎలా వస్తాయో తెలియని ఇంట్లో, వస్తాయన్న నమ్మకంతో తీసేది. మనం ఇచ్చేది ఇంటి అప్పు, పిల్లల కాలేజీ నిధి, 401(కె) అన్నీ పోగా మిగిలినది. అందుకని మన దానానికి నమ్మకంతో పని పడదు.

టీవీలో కొందరు బోధకులు వంద డాలర్లు పంపు, దేవుడు వెయ్యి ఇస్తాడంటారు. అది చిట్‌ఫండు భాష. విధవరాలి రెండు కాసుల కథలో యేసు ఆమెను మెచ్చుకున్నాడే గాని, ఆమెకు తర్వాత డబ్బు కలిసొచ్చిందని సువార్త ఎక్కడా చెప్పలేదు. అటు దాచుకోవడమే పాపమనడం కూడా తొందరపాటే. నిర్గమకాండంలో మన్నాను మర్నాటికి దాస్తే పురుగు పట్టింది నిజమే. విశ్రాంతి దినంకోసం ఆరోనాడు రెట్టింపు ఏరుకోమనీ అక్కడే ఉంది. రిటైర్‌మెంటుకు దాచుకునేవాళ్ళకు అది కాస్త ఊరట. ఒక్క రోజుకే అనుమతి అన్న సంగతి వేరే!

పిడికెడు బియ్యంలో ఇంకో సుగుణం ఉంది. కుండలో కలిశాక ఏ గింజ ఎవరిదో తెలియదు. మన సావనీర్లో దాతల పేజీ మాత్రం ప్లాటినం, గోల్డు, సిల్వరు అంటూ మెట్లు మెట్లుగా ఉంటుంది. ఈసారి పేర్లన్నీ అక్షరక్రమంలో వేయమని సంపాదకవర్గానికి చెప్పి చూశాను. ప్లాటినం దాతలతో ముందే మాట అయిపోయిందన్నారు.