ఒక్క జత చాలు

చలికాలం రాగానే న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్ ఐస్ రింకుకి పిల్లల్ని తీసుకెళ్లే మనవాళ్లు మొదట తప్పటడుగు వేసేది మంచు మీద కాదు, మేజోళ్ల దగ్గర. ‘చలిరా, రెండు జతలు తొడుక్కో’ అంటుంది అమ్మ. ఆ ప్రేమే పాదాన్ని కొంకర్లు పోయేలా చేస్తుంది. స్కేటింగ్ బూటు బిగిసి రక్తం సరిగా ఆడదు, లోపల పొరలు ముడతలు పడి మడమ బొబ్బలెక్కుతుంది. నూలువైతే మరీ అన్యాయం, చెమట పీల్చి తడితడిగా ఉండిపోతాయి. పలచటి ఉన్నిదో నైలాన్‌దో, బూటు అంచు దాటి పైకొచ్చే ఒక్క జత చాలు. బోస్టన్ హాకీ దిగ్గజం బాబీ ఓర్ మేజోళ్లే లేకుండా ఆడేవాడట! అద్దె బూట్లు వేసుకునే మనకా సాహసం వద్దు. ఈసారి బూట్ల సైజు చూసేటప్పుడు, వేసుకోబోయే మేజోళ్లతోనే చూడండి.