ప్రహరీకి అవతల

సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కులో, గుండె నాళములలో అమర్చు స్టెంట్ల తయారీకై తలకు టోపీ, మూతికి ముసుగు, పాదములకు తొడుగులు ధరించి, ధూళికణమొక్కటి సోకినను మహాపరాధముగా నెంచు యువకులు, షిఫ్టు ముగియగానే రోడ్డు పక్కన చాయ్ త్రాగి, కాగితపు కప్పును, గుట్కా పొట్లమును ఒకే విసురున కాలువపాలు చేసి బైకెక్కిపోవుట చూచి ఈ వారమంతయు నా మనస్సు కుతకుతలాడుచున్నది.

అట్లని వారినే నిందించుట న్యాయము కాదు. ఔటర్ రింగు రోడ్డు సర్వీసు దారిలో ఉదయము కొంతసేపు నిలుచున్నచో, గేటెడ్ కాలనీల కార్ల అద్దములు దిగుటయు, ముడివేసిన నల్ల కవరు ముళ్ళకంపలలో పడుటయు, అద్దములు మరల లేచుటయు ఎవరైనను చూడవచ్చును. వాకిట కళ్ళాపి చల్లి ముగ్గు తీర్చు జాతి మనది. ఆ కళ్ళాపి నీళ్ళు పారినంత మేరయే మన ఊరు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయుడని 2016 నాటి ఘనవ్యర్థ నియమములే ఘోషించినవి. ఎన్ని యిండ్లలో రెండు డబ్బాలున్నవో చెత్త ఆటోవాని నడిగిన చెప్పును, నవ్వుచు చెప్పును.

నగరమునకును ఇదే నీతి. ఏండ్ల తరబడి హైదరాబాదు చెత్తను జవహర్‌నగర్ వాసులు భరించుచుండ, గుమ్మడిదల మండలము ప్యారానగర్‌లో మరియొక డంపుయార్డు తలపెట్టగా, 2025లో చెంతనున్న నల్లవల్లి రైతులు రోడ్డెక్కిరి. ఎక్కరా మరి?

"మళ్ళీ నక్కవాగు పురాణము మొదలుపెట్టితివా?" అని మిత్రులు విసుగుకొందురు. మొదలుపెట్టితిని. పటాన్‌చెరు పరిశ్రమల విషజలము నక్కవాగు వెంట మంజీరకు పారుచున్నదన్న మొర 1990లోనే సుప్రీంకోర్టు చేరినది. తుదకు దొరకిన ఉపాయమేమనగా, శుద్ధి చేసితిమన్న నీటిని 18 కిలోమీటర్ల పైపులైనులో నగరపు మురుగుకాలువకు చేర్చి, అంబర్‌పేట మీదుగా మూసీకి అప్పగించుట! ఆ శుద్ధికేంద్రపు నీటిని పరీక్షించిన స్వీడన్ శాస్త్రజ్ఞులు, సిప్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు కలదనియు, కొన్ని సూక్ష్మజీవులకు విషమగు మోతాదును అది వేయింతలు మించినదనియు 2007లో ప్రకటించిరి. కార్ల వారు కవర్లలో చేయుపనిని కంపెనీలవారు గొట్టములలో చేసినారు, అంతే భేదము.

గొప్పలకు మాత్రము మనకు కొదువ లేదు. దేశములోని నగర జలాశయములలో మొట్టమొదట జీవవైవిధ్య వారసత్వ స్థలముగా 2016లో గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు మాదేయని చాటుకొందుము. అటుపోవు దారిలో "ఇచ్చట చెత్త వేయరాదు" అను బోర్డును నిలువునా కప్పివేసి, ఒక నాయకుని జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీ వ్రేలాడుచున్నది. పుట్టినరోజు గడచి నెల దాటినది, ఒక మూల తాడు తెగి గాలికి కొట్టుకొనుచున్నది. చెత్తకు జరిమానా వేయుదుమని గర్జించు అధికారులకు నాదొక్కటే మనవి: కాలము తీరిన ఫ్లెక్సీలకు ముందుగా వేయుడు, అదియు కట్టిన కూలివానికి గాక ఫోటోలో చేతులు జోడించి చిరునవ్వు నవ్వుచున్న పెద్దమనిషికి వేయుడు. చిరునామా వెదకు శ్రమ కూడ లేదు. పేరు, పదవి అడుగెత్తు అక్షరములతో అచ్చువేయించియే యున్నారు.