చరవాణి కాదు, చరాస్తి



సెల్ ఫోనుకు చరవాణి అని మనవారు ముచ్చటైన పేరు పెట్టుకున్నారు. పెట్టిననాటికి ఆ పేరు తగినదే. ఆ పరికరం అప్పట్లో మాటను మాత్రమే మోసేది. 2016లో యూపీఐ వచ్చిన తరువాత అది మన ఖాతాలను, పింఛనును, కూరగాయల బేరాన్ని కూడ మోస్తున్నది. కనుక దానిని చరాస్తి అనడమే ఇప్పుడు సమంజసం. స్థిరాస్తికి దస్తావేజులు, సరిహద్దు రాళ్ళు ఉన్నాయి. ఈ చరాస్తికి మనలో చాలమంది ఏర్పరచిన రక్షణ రంగుల తొడుగు ఒక్కటే.

శూద్రకుని మృచ్ఛకటికం మూడవ అంకంలో శర్విలకుడు చారుదత్తుని ఇంటి గోడకు కన్నం వేస్తాడు. కొలతకు నూలు తేవడం మరచి యజ్ఞోపవీతాన్నే వాడుకుంటాడు. అంతటి శాస్త్రజ్ఞుడికి కూడ నగలు దొరికింది తన నేర్పువల్ల కాదు. నిద్రమత్తులో ఉన్న మైత్రేయుడు, చారుదత్తునికే ఇస్తున్నాననుకొని వాటిని దొంగ చేతిలో పెడతాడు. ఫోను పోయినప్పుడు పెద్ద నష్టం జరిగే తీరు తరచు ఇదే. పరికరాన్ని దొంగ లాగుకొంటాడు. తక్కినదంతా మనమే ముందుగా సిద్ధం చేసి ఉంచుతాం.

పెద్దవారి ఫోనులను ఒకసారి పరికించండి. పుస్తకపు అట్టవలె తెరుచుకొనే తొడుగు, దాని అరలో ఏటీఎం కార్డు, ఆధార్ కార్డు, ఒక్కొక్కచోట పిన్ను వ్రాసిన చీటీ కూడ. డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, దాని గడువు తేదీ, ఫోనుకు వచ్చే ఓటీపీ ఉంటే చాలబ్యాంకుల్లో కొత్త యూపీఐ పిన్ను పెట్టుకోవచ్చు. తాళమూ తాళపుచెవీ ఒకే పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను బస్సులో చేతపట్టుకొని తిరుగుతున్నామన్నమాట. తొడుగులోనుండి ఆ కార్డులు తీసివేయడానికి ఏ సాంకేతిక జ్ఞానమూ అక్కరలేదు.

తెరకు తాళం వేశాం కదా అని ధీమా పడేవారు మరొక సంగతి గమనించాలి. దొంగ సిమ్మును ఊడదీసి వేరొక ఫోనులో వేస్తే తెర తాళం ఏమి చేయగలదు? ఓటీపీలన్నీ అక్కడికే పోతాయి. దీనికి విరుగుడు సిమ్ముకే వేరుగా పిన్ను పెట్టుకోవడం. సెట్టింగులలో ఆ సౌకర్యం ఎన్నో ఏళ్ళుగా ఉన్నది, వాడేవారే అరుదు. అయితే మూడుసార్లు తప్పు పిన్ను కొడితే సిమ్ము బిగుసుకొంటుంది. అప్పుడు పీయూకే అనే సంఖ్య కావాలి. దానినీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ము ఇక పనికిరాదు. కనుక ఆ సంఖ్యను సంస్థవారిని అడిగి ముందే వ్రాసుకొని, ఆ పిమ్మటనే ఈ పనికి పూనుకోవాలి. తాళం తీయకుండానే సందేశాలు తెరమీద కనబడే ఏర్పాటును కూడ మాన్పించాలి. ఐఫోనులో 2024 జనవరి నుండి దొంగిలింపు రక్షణ అనే అమరిక ఉన్నది. ఆండ్రాయిడ్ ఫోనును వేరొక చోటనుండి బిగించవచ్చు, తుడిచివేయవచ్చు.

ఇక నా అభిప్రాయం. పింఛను, జీవితకాలపు పొదుపు ఉన్న ఖాతాను ఫోనుకు తగిలించనే కూడదు. వేరొక చిన్నఖాతా తెరచి, నెల ఖర్చుకు సరిపడినంత అందులో వేసుకొని, దానినే యూపీఐకి కలపాలి. రెండు ఖాతాలు నడపడం శ్రమ కదా అంటారు. శ్రమే. కాని సంతకు పోయేవాడు ఇనప్పెట్టెను నెత్తిన పెట్టుకొని పోడు. అసలు పెద్దవారికి ఈ యాప్‌లే ఎందుకనేవారూ ఉన్నారు. చిల్లర లేదంటూ ప్రతి అంగడిలోను పలకను చూపే ఈ కాలంలో అది సలహా కాదు, ఎత్తిపొడుపు.

ఫోను పోయిన తరువాత చేయవలసిన వాటికి ఒక వరుస ఉన్నది. మొదట పక్కవారి ఫోను అడిగి సిమ్మును నిలిపివేయించాలి. వెంటనే బ్యాంకుకు చెప్పి యూపీఐని, కార్డును ఆపించి, ఫిర్యాదు సంఖ్యను, వేళను వ్రాసుకోవాలి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోను చేయాలి. ఆ పిమ్మట పోలీసు ఫిర్యాదు, అదే నంబరుతో కొత్త సిమ్ము. ఆ ఫిర్యాదు ప్రతితో కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీలో ఐఎంఈఐ సంఖ్య ఇచ్చి ఫోనును నిరోధింపజేయాలి. ఈ సౌకర్యం 2023 మే నుండి దేశమంతటా ఉన్నది. ఆ తరువాత ఏ సిమ్ము వేసినా దేశంలోని నెట్‌వర్కులలో ఆ ఫోను పలకదు. వైఫైతో మాత్రం పనిచేయగలదు. కనుకనే లోపలిది తుడిచివేయడం కూడ అవసరం.

వేళకు ఎందుకింత విలువ? రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తరువులో, ఖాతాదారుడు తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకే భరించాలన్నది. ఖాతాదారుని అజాగ్రత్తవల్ల జరిగినదైతే, తెలియజేసే వరకు పోయినది అతనిదే. తప్పు ఖాతాదారునిదని నిరూపించే భారం మాత్రం బ్యాంకుమీదనే పెట్టింది.

ఇంత తెలిసినా పెద్దవారు ఆ మాట బయటపెట్టరు. కారణం అజ్ఞానం కాదు, సిగ్గు. చారుదత్తుడంతటివాడు కూడ దొంగ పడ్డాడంటే లోకం నమ్మదని భయపడి, నగలు జూదంలో పోయాయని వసంతసేనకు చెప్పమన్నాడు. మన ఇళ్ళలోనూ అంతే. కోడలు ఏమంటుందోనని ఒక పూట, అమెరికాలో ఉన్న కొడుకు నిద్ర లేవాలని మరొక పూట. ఆ పూటలన్నీ దొంగకు మనమిచ్చే గడువు. "ఎన్నిసార్లు చెప్పాను నాన్నా!" అనే ఒక్క మందలింపు, పోయిన ఫోను ఖరీదుకంటె ఎక్కువ నష్టం తెచ్చిపెట్టగలదు. మళ్ళీ ఏమైనా జరిగితే ఆయన ఇక చెప్పడు.

మీలో చాలమంది దూరదేశాలలో ఉన్న బిడ్డలు. నా విన్నపం మీకే. ఈసారి ఊరికి వచ్చినప్పుడు తల్లిదండ్రులకు కొత్త ఫోను కొనిపెట్టడంకంటె ముందు ఒక కాగితం వ్రాసిపెట్టండి. *#06# నొక్కితే కనబడే పదిహేనంకెల ఐఎంఈఐ, సిమ్ము సంస్థ, బ్యాంకుల ఫోను సంఖ్యలు, 1930, చేయవలసిన పనుల వరుస. తెలుగులో, పెద్ద అక్షరాలతో. పిన్నులు మాత్రం వ్రాయవద్దు. ఆ కాగితాన్ని బీరువాలో ఒకటి, పొరుగింట ఒకటి ఉంచండి. ఫోనులోనే దాచిన సంఖ్యలు ఫోనుతోనే పోతాయి. మీ సంఖ్య ఒక్కటైనా వారిచేత కంఠస్థం చేయించండి. పద్యాలు ధారణ పట్టిన తరానికి పదంకెలు ఒక లెక్క కాదు.

బ్యాంకులవారు చేయవలసినదీ ఉన్నది. ఈ కాగితాన్నే తెలుగులో అచ్చువేసి ప్రతి శాఖలోను పింఛనుదారుల చేతికివ్వాలి. హెచ్చరికను ఆంగ్లంలో పంపి, మేము ముందే తెలియజేశామనడం న్యాయం కాదు. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత మనకు ఉండనే ఉన్నది. ఈ కుక్కలు వేళకే మొరుగుతున్నాయి, ఇంటివారికి అర్థం కాని భాషలో.

మీ అనుభవాలను, నేను విడిచిన జాగ్రత్తలను వ్యాఖ్యలలో తెలుపగలరు.

స్వస్తి.