సెగ అంటే ఒంటి వేడి కాదు

కొంచెం పొడుగు మెసేజ్, ఓపిగ్గా చదవండి.

గనేరియా రోగానికి మన తెలుగులో సెగ అని పేరు. మేము చదువుకున్నది తమిళ మీడియం. అక్కడ వెట్టై అంటారు. రెండు మాటలకూ వేడి అనే అర్థం. ఈ పేరే మనల్ని ముంచింది. మూత్రంలో మంట, చీము కనబడితే "బళ్లారి ఎండ కదా, వేడి చేసింది" అని బార్లీ నీళ్లు, మజ్జిగ, లేత టెంకాయ నీళ్లు తాగి ఊరుకుంటాం. ఎండకు ఈ రోగం రాదు, మజ్జిగకు పోదు. ఇది ఒక క్రిమి. 1879లోనే నైసర్ అనే జర్మన్ డాక్టరు కనిపెట్టాడు. శారీరక కలయిక వల్ల అంటుతుంది. కాన్పులో తల్లి నుంచి బిడ్డ కళ్లకు అంటితే చూపే పోవచ్చు.

"అది లారీల వాళ్ల రోగం, గనుల్లో కూలికొచ్చినోళ్ల రోగం, మన ఇళ్లలో ఎక్కడిది?" అంటారు కొందరు పెద్దలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020 ఒక్క ఏడాదిలో కొత్తగా 8 కోట్ల 20 లక్షల మందికి ఇది సోకింది. వాళ్లంతా లారీలు తోలేవాళ్లేనా?

"ఆడవాళ్లుండే గ్రూపులో ఈ మాటలేంటి?" అని కూడా అంటారు. ఆడవాళ్లున్నారు కాబట్టే రాస్తున్నాం. మగవాడికి మంట తెలుస్తుంది, గుట్టుగా మందు మింగుతాడు. ఆడవాళ్లలో చాలామందికి ఏ గుర్తూ కనబడదు. రోగం లోలోపల పాకి గర్భనాళాలు మూసుకుపోతే పిల్లలు పుట్టరు. పిల్లల్లేని ప్రతి ఇంటికీ ఇదే కారణమని మేము అనడం లేదు. కానీ ఇలా జరిగిన ఇంట్లో గొడ్రాలనే పేరు ఎవరికి? సీమంతానికి పిలవనిది ఎవర్ని? రోగం తెచ్చినవాణ్ణి ఒక్కరైనా అడిగారా?

మన సిగ్గు మీదే కొందరు బతుకుతున్నారు. బస్టాండు గోడల మీద, రైలు బోగీల మరుగుదొడ్లలో "గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం" అని చీటీలు అంటిస్తారు. 1954 నాటి మాయమందుల ప్రకటనల నిషేధ చట్టం ఇలాంటి ప్రకటన నేరమంటుంది. అందులో గనేరియా పేరు రాసే ఉంది. ఇంకొందరు మెడికల్ షాపులో తోచిన మాత్రలు కొంటారు. పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ ఒకదాని తర్వాత ఒకటి ఈ క్రిమి ముందు ఓడిపోయాయి. అరకొరగా మింగితే మిగిలిన మందులకూ అదే గతి.

సరైన మందు వేసుకుంటే నయమయ్యే రోగమిది. జిల్లా ఆసుపత్రుల్లో, వైద్య కళాశాల ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ ఉంటుంది. పరీక్ష, మందు ఉచితం, పేరు బయటపెట్టరు. ఇక్కడ తెలిసినవాళ్లు చూస్తారని భయమైతే గుంతకల్లుకో, ఆదోనికో వెళ్లండి, తప్పులేదు. భార్యాభర్తలిద్దరూ మందు తీసుకోవాలి, డాక్టరు చెప్పినదాకా, కనీసం వారం, కలవకూడదు. ఒక్కరే తీసుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. ఒకసారి తగ్గితే ఇంక రాదనుకోవద్దు. కండోమ్ వాడితే కాపాడుతుంది. హెచ్ఐవీ పరీక్ష కూడా చేయించుకోండి, ఈ రోగం ఉంటే అదీ తేలిగ్గా అంటుతుంది.

ఇప్పుడు సంఘాన్ని ఒకటే అడుగుతున్నాం. వచ్చే ఆరోగ్య శిబిరంలో షుగర్, బీపీలతో పాటు దీనికీ అరగంట ఇవ్వండి. ఆడవాళ్లకు వేరుగా డాక్టరమ్మ, మగవాళ్లకు వేరుగా డాక్టరు. వద్దనేవాళ్లు కారణం ఇక్కడే రాయండి. "పరువు" అని మాత్రం రాయకండి. కోడళ్లు ఆ పరువు ఖరీదు ఇప్పటికే చాలా కట్టారు.