శ్వాస లెక్కతో తేలే ప్రమాద తీవ్రత

2021 ఏప్రిల్, మే నెలల్లో దేశంలోని ఆసుపత్రుల ముంగిట ఒకే ప్రశ్న నిలిచింది. ఉన్న పడక ఒక్కటి. వేచి ఉన్నవారు పలువురు. ఎవరిని ముందు చేర్చుకోవాలి, ఎవరిని ఇంటికి పంపినా ప్రమాదం ఉండదు? కోవిడ్ రెండో ఉద్ధృతి ముగిసి ఏళ్లు గడిచినా, ఇన్‌ఫ్లుయెంజా వంటి శ్వాసకోశ వ్యాధులు ఏటా వ్యాపించే మన దేశంలో ఈ ప్రశ్నకు కాలం చెల్లలేదు.

వైరస్ సోకిన వారిలో అత్యధికులు సాధారణ చికిత్సతోనే కోలుకుంటారు. కొందరిలో మాత్రం వారం రోజుల తర్వాత పరిస్థితి ఒక్కసారిగా విషమిస్తుంది. ఆయాసం అంతగా తెలియకుండానే రక్తంలో ఆక్సిజన్ పడిపోయిన ఉదంతాలు కోవిడ్ కాలంలో వైద్యులను కలవరపరిచాయి. అందువల్లనే 2021లో అమలైన జాతీయ చికిత్సా మార్గదర్శకాలు రెండు కొలతలకు ప్రాధాన్యమిచ్చాయి. నిమిషానికి 24 లేదా అంతకు మించి శ్వాసలు తీసుకుంటున్నా, ఆక్సిజన్ స్థాయి 90 నుంచి 93 శాతం మధ్య ఉన్నా మధ్యస్థ తీవ్రతగా, శ్వాసలు 30 దాటినా, ఆక్సిజన్ 90 శాతం కన్నా తగ్గినా తీవ్ర దశగా పరిగణించాలని అవి నిర్దేశించాయి.

బ్రిటన్ పరిశోధకులు మరో అడుగు ముందుకు వేశారు. 260 ఆసుపత్రుల రోగుల సమాచారంతో 2020లో '4సీ' మరణ ప్రమాద సూచీని రూపొందించారు. వయసు, స్త్రీ పురుష భేదం, ఇతర దీర్ఘకాలిక వ్యాధులు, శ్వాస వేగం, ఆక్సిజన్ స్థాయి, స్పృహ, రక్తంలో యూరియా, సీ-రియాక్టివ్ ప్రోటీన్ అనే 8 అంశాలకు మొత్తం 21 పాయింట్లు కేటాయించారు. 3 లోపు పాయింట్లు వచ్చినవారిలో మరణాలు సుమారు 1 శాతం కాగా, 15 లేదా అంతకు మించినవారిలో 60 శాతం దాటాయి. రెండు రక్తపరీక్షలు మినహా మిగిలినవన్నీ రోగి పడక వద్దనే తేలేవి కావడం గమనార్హం.

అయితే ఏ సూచీ అయినా తాను పుట్టిన గడ్డ లెక్కలనే ప్రతిబింబిస్తుంది. మధుమేహం ఉన్నా నిర్ధారణ కాని వారు అధికంగా ఉన్న మన సమాజంలో 'ఇతర వ్యాధులు లేవు' అనే సమాధానం అన్నివేళలా నమ్మదగినది కాదు. ముదురు చర్మచ్ఛాయ గలవారిలో పల్స్ ఆక్సీమీటర్ వాస్తవం కన్నా ఎక్కువ స్థాయిని చూపే అవకాశం ఉందని 2020లో అమెరికాలో వెలువడిన అధ్యయనం హెచ్చరించింది.

అంచనా తప్పితే నష్టం రెండువైపులా ఉంటుంది. ప్రమాదాన్ని తక్కువగా లెక్కిస్తే ప్రాణం పోతుంది. ఎక్కువగా లెక్కిస్తే అనవసర చికిత్స హాని చేస్తుంది. డెక్సామెథసోన్ ఆక్సిజన్‌పై ఉన్న రోగులను కాపాడినా, ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు చేయలేదని బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధన 2020లోనే తేల్చింది. అయినా రెండో ఉద్ధృతిలో స్వల్ప లక్షణాలకూ స్టెరాయిడ్ల వాడకం సాగింది. అదుపు తప్పిన మధుమేహానికి ఇది తోడై బ్లాక్ ఫంగస్ విజృంభించింది. తెలంగాణ ప్రభుత్వం 2021 మే 20న దానిని తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా ప్రకటించింది.

ఈ అనుభవం చెప్పే పాఠం స్పష్టం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ప్రతి రోగి శ్వాసను పూర్తిగా ఒక నిమిషం లెక్కించి నమోదు చేయాలి. విదేశీ సూచీలను మన రోగుల సమాచారంతో పరీక్షించి సరిదిద్దాలి. సూచీ వైద్యుని వివేకానికి తోడే కానీ ప్రత్యామ్నాయం కాదు. ఎవరికి ముందుగా సాయం అందాలో చెప్పడానికే అది ఉపకరించాలి. ఎవరికైనా చికిత్స నిరాకరించడానికి సాకు కారాదు.